రామములక్కాయ, పొమొదోరో, ఒక ఇనప డ్రమ్ము

"ఇన్ని టమాటాలు ఏం చేసుకుంటార్రా వీళ్ళు?" అంది మా అమ్మ వీడియో కాల్లో.

నేను ఫోను తిప్పి పెరడు చూపిస్తున్నాను. గోడ వారన ప్లాస్టిక్ క్రేట్లు ఛాతీ ఎత్తున పేర్చి ఉన్నాయి. అన్నీ కలిపి రెండు వందల కిలోల పైమాటే. ఆ ఇంట్లో ఉండేది నలుగురు.

"ఏడాదికి సరిపడా చేసి పెట్టుకుంటారమ్మా, మనం ఆవకాయ పెట్టుకున్నట్టు."

"ఊరగాయా?"

"ఊరగాయ కాదు, ఉత్త రసం. ఉడకబెట్టి సీసాల్లో పోస్తారు. ఉప్పు కూడా పెద్దగా వెయ్యరు."

"మరి నిలవుంటుందా?"

అమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఇటలీ టమాటా కథంతా తిరుగుతుందని నాకు అప్పటికి తెలీదు.

ఉద్యోగం మీద వెళ్ళి దక్షిణ ఇటలీలో సలెర్నో దగ్గర రెండేళ్ళు ఉన్నాను. నేను అద్దెకున్న ఇంటివాళ్ళు ఏటా ఆగస్టులో ఒక ఆదివారం ఈ పని పెట్టుకునేవాళ్ళు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సీసాలు చెయ్యడం'. లోపల ఏం పోస్తారో చెప్పక్కర్లేదు, ఆ నెలలో సీసా అంటే ఇంకేముంటుంది? తెల్లవారుజామున ఐదింటికల్లా పెరట్లో దీపాలు వెలిగాయి. చుట్టాలు వచ్చారు. ఆడా మగా, పిల్లా పెద్దా, ఎవరి పని వాళ్ళకి ముందే తెలుసు. ఒకళ్ళు కడగడం, ఒకళ్ళు కుళ్ళినవి ఏరడం, ఒకళ్ళు చీల్చి పెద్ద గిన్నెలో వెయ్యడం. కాస్త మెత్తబడ్డాక వాటిని మిషన్లో పోస్తే ఎర్రటి గుజ్జు ఒక పక్కకీ, తొక్కా గింజలూ ఇంకో పక్కకీ వస్తాయి. ఆ పిప్పిని పారెయ్యరు, మళ్ళీ ఒకసారి మిషన్లో వేసి పిండుతారు. ఏడాదంతా దాచిపెట్టిన బీరు సీసాలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. ఒక్కో సీసాలో ఒక్కో బేసిల్ ఆకు వేసి, గరాటు పెట్టి గుజ్జు పోసి, చేతి మిషన్తో మూత బిగిస్తారు.

అసలు పని అక్కడినుంచే. పాత నూనె డ్రమ్ము అడుగున చిరిగిన దుప్పట్లు పరిచి, వాటి మీద ఒక వరస సీసాలు, మళ్ళీ గుడ్డలు, మళ్ళీ సీసాలు. మెడ దాకా నీళ్ళు పోసి కింద కట్టెల మంట. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ముప్పావుగంట పైన అలాగే ఉంచి, మంట ఆర్పేసి, తెల్లారేదాకా ఎవరూ డ్రమ్ము జోలికి వెళ్ళరు. ఆ ఏడు మూడో వరస పేర్చే పని నాకిచ్చారు. సీసాల మధ్య గుడ్డలు కుక్కడం మర్చిపోయాను. ఉడుకుతుంటే లోపల రెండు సీసాలు టప్పుమని పేలాయి. అందరూ 'నోన్నా' అని పిలిచే ఇంటి ముసలావిడ నా వంక చూసిన చూపు మా నాయనమ్మది. మడి కట్టుకోకుండా ఆవకాయ జాడీ ముట్టుకున్నవాణ్ణి ఆవిడ అచ్చం అలాగే చూసేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక గొడవ నడిచింది. 2025 డిసెంబర్‌లో ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన యునెస్కో సమావేశం ఇటలీ వంటని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన దీపావళిని చేర్చింది కూడా ఆ సమావేశంలోనే. దాని మీద ఒకడు "టమాటాయే వాళ్ళది కాదు, ఇంకేం వారసత్వం? అంతా మార్కెటింగ్" అని మొదలుపెట్టాడు. ఇంకొకడు "రోమన్ల కాలం నుంచీ తింటున్నారు" అన్నాడు. రెండోవాడి మాటకి జవాబు తేలిక. జూలియస్ సీజర్ జన్మలో టమాటా చూళ్ళేదు. మొదటివాడితోనే నా పేచీ. వాడు చెప్పే తారీఖులు తప్పు కావు, వాటినుంచి వాడు లాగే అర్థమే తప్పు.

ముందు తారీఖులు చూద్దాం. టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా, పెరిగి పెద్దదయింది మెక్సికోలో. స్పెయిన్ వాళ్ళు 1521లో మెక్సికోని ఏలే అజ్తెకుల రాజధానిని పడగొట్టాక పడవలెక్కి యూరప్‌కి వచ్చింది. 1544లో సియెనా వైద్యుడు మత్తియోలి దీన్ని ఒక కొత్త రకం వంకాయగా లెక్కగట్టి రాశాడు. పదేళ్ళ తర్వాతి కూర్పులో 'పొమి దోరో' అని పేరు పెట్టాడు, అంటే బంగారు పండ్లు. ఇప్పటికీ ఇటలీలో దాని పేరు పొమొదోరోనే.

మా నాయనమ్మ టమాటాని రామములక్కాయ అనేది. ములక అంటే వంగ, వాకుడు జాతి మొక్క. నేలములక మన పొలం గట్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. అంటే అక్కడ మత్తియోలీ, ఇక్కడ పేరు తెలియని మన రైతూ ఒకే పని చేశారు. ఆకూ పువ్వూ చూసి "ఇది ఫలానా వాళ్ళ చుట్టం" అని పోల్చుకున్నారు. పైగా మనవాళ్ళు ముందు 'రామ' చేర్చారు. సీతాఫలం, రామాఫలం కూడా అమెరికా నుంచి వచ్చినవేనని ఎంతమందికి గుర్తుంటుంది? ఓడ దిగిన పండుకి దేవుడి పేరు పెట్టి ఇంట్లోకి రానివ్వడం మనకి అలవాటే. అయినా తద్దినం రోజున రామములక్కాయకి మా వంటింట్లోకి ప్రవేశం లేదు. ఆ రోజు మిరపకాయ కూడా ఉండదు, కారానికి మిరియాలే. పితృదేవతలకి పెట్టే విస్తట్లో ఇప్పటికీ కొలంబస్ పడవెక్కని కాలమే నడుస్తోంది.

ఇటలీలో మొదట్లో టమాటా అంటే ఉన్న భయం చాలాకాలం పోలేదు. 1548 అక్టోబర్ 31న పీసాలో ఉన్న ఫ్లోరెన్స్ ప్రభువు కోసిమో దె మెదిచి ఇంటికి ఆయన తోటనుంచి ఒక బుట్ట టమాటాలు వచ్చాయి. బుట్ట తెరిచి అందరూ ఆలోచనగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారని ఆయన ఇంటి అధికారి ఉత్తరంలో రాశాడు. తిన్నట్టు మాత్రం రాయలేదు. అప్పటి వైద్యం లెక్కలో టమాటా చల్లనిది, తడిది. మన భాషలో చెప్పాలంటే చలవ చేస్తుంది, అరగదు. అందులోనూ వంకాయ చుట్టం. వంకాయకే అక్కడ మంచి పేరు లేదు. కోస్తాంజో ఫెలీచి అనే వైద్యుడు, దీని అందం ముందు రుచి దిగదుడుపని తన అభిప్రాయం రాసిపెట్టాడు.

అచ్చులో మొదట కనిపించే టమాటా సాస్ 1690లలో నేపుల్స్‌లో వచ్చిన అంతోనియో లాతీని పుస్తకంలోది. ఆయన ఒక స్పానిష్ పెద్దమనిషి ఇంట్లో విందులు చూసే ఉద్యోగి. నేపుల్స్ అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. టమాటాల్ని నిప్పుల మీద కాల్చాలి, తొక్క వలవాలి, కత్తితో సన్నగా తరగాలి, ఉల్లిపాయ, మిరపకాయ, ఒక ఆకు మసాలా, ఉప్పు, నూనె, వెనిగర్ కలపాలి. చదివిన మన వాళ్ళెవరైనా ఒకటే అంటారు: ఇది కాల్చిన టమాటా పచ్చడి కదా! లాతీని దానికి పెట్టిన పేరు 'స్పానిష్ పద్ధతి సాస్'. ఉడికించిన మాంసంలో నంజుకోవడానికి. పాస్తా మాటే లేదు.

పాస్తా అప్పటికే నేపుల్స్ వీధుల్లో ఉంది. నగరం కిక్కిరిసి మాంసం అందకుండా పోయాక 17వ శతాబ్దంలో పేదలు మాకరోనీకి మళ్ళారు. అంతకుముందు 'ఆకులు తినేవాళ్ళు' అని వెక్కిరించిన వాళ్ళే తర్వాత 'మాకరోనీ తినేవాళ్ళు' అని వెక్కిరించారు. వీధి బళ్ళ మీద గంగాళాల్లో ఉడికించి, పైన తురిమిన చీజ్ చల్లి ఇచ్చేవారు, జనం చేత్తో ఎత్తి నోట్లో వేసుకునేవారు. ఉన్నవాళ్ళ ఇళ్ళలో దాని మీద పంచదార, దాల్చినచెక్క. 1787లో నేపుల్స్ వచ్చిన జర్మన్ కవి గోథే చూసింది కూడా చీజ్ చల్లిన మాకరోనీయే. తెల్ల పాస్తా అన్నమాట. టమాటా వేసిన వెర్మిచెల్లి, అంటే సన్న పాస్తా, స్పష్టంగా కనిపించేది 1830ల చివర్లో, ఇప్పోలితో కావల్కాంతి అనే జమీందారు నేపుల్స్ మాండలికంలో రాసిన వంటకాల్లో.

లెక్క చూడండి. టమాటా వచ్చింది 1540లలో, సాస్ అయింది 1690లలో, వీధి పాస్తా మీద స్థిరపడింది 19వ శతాబ్దంలో. పాస్తా ఉంది, సాస్ ఉంది, రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి, కలవడానికి వందేళ్ళ పైన పట్టింది. ఎందుకు? వైద్యుల మాట కొంత కారణం కావచ్చు. నాకు తోచే పెద్ద కారణం మా అమ్మ అడిగిందే. టమాటా దొరికేది రెండు మూడు నెలలు. పాస్తా రోజూ తినేది. ఏడాదికి పది నెలలు కనపడని చుట్టంతో రోజువారీ సంసారం ఎలా నడుస్తుంది?

అందుకే ఇటలీ వంటలో టమాటా చరిత్రని నేను వంటల పుస్తకాల్లో వెతకను, ఎండలో వెతుకుతాను. సిసిలీలో 'స్త్రాత్తు' అని ఒకటుంది. టమాటా గుజ్జుకి ఉప్పు కలిపి, వెడల్పాటి చెక్కల మీద పరిచి, ఆగస్టు ఎండలో రోజుల తరబడి ఆరబెడతారు. ఆడవాళ్ళు గంటగంటకీ చేత్తో తిప్పుతూ ఉంటారు, సాయంత్రం మంచు పడకముందే లోపల పెట్టేస్తారు. బుట్టలకొద్దీ టమాటా చివరికి ముదురు ఎరుపు ముద్దై ఒక జాడీలో పడుతుంది, పైన నూనె పోస్తారు. దాని ఫోటో చూపిస్తే మా అమ్మకి వివరించే పని లేకపోయింది. మేడ మీద టమాటా ముక్కలకి ఉప్పూ పసుపూ కలిపి, చింతపండు నానేసి, మూడు రోజులు ఎండబెట్టి నిలవ పచ్చడి పెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకి చెక్కల మీద ఎర్ర గుజ్జు కొత్తేమీ కాదు.

ఉత్తరాన పార్మా వైపు ఎండ అంత గట్టిగా ఉండదు. అక్కడ ఆ గుజ్జుని ఉడికించి, ఆరబెట్టి, నల్లబడ్డాక రొట్టెల్లా చేసి నూనె కాగితంలో చుట్టి అమ్మేవారు. కార్లో రొన్యోని అనే వ్యవసాయవేత్త 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడి రైతులచేత టమాటాని చేలకి చేలే వేయించాడు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. గాలి తీసేసిన పాత్రల్లో తక్కువ వేడి మీద చిక్కబరిచే యంత్రాలు రావడంతో నల్ల ముద్ద పోయి ఎర్ర పేస్టు వచ్చింది. ఈ లోపల తూరిన్‌లో ఫ్రాంచెస్కో చీరియో 1856లో బఠాణీలు డబ్బాల్లో నిలవ చెయ్యడం మొదలుపెట్టాడు, ఆ పేరే తర్వాత దక్షిణాది టమాటా డబ్బాల మీదికి ఎక్కింది. 1951లో ముత్తి కంపెనీ టమాటా పేస్టుని టూత్‌పేస్టులా ట్యూబులో పెట్టింది. మూత కుట్టుపనికి వేలికి తొడుక్కునే అంగుస్తానులా పనికొచ్చేలా చేశారు. పేస్టు అయిపోయాక మూత కుట్టుపెట్టెలోకి వెళ్ళేది. ఆ ఒక్క ఉపాయానికి నేను వాళ్ళకి వంద మార్కులు వేస్తాను.

1891లో పెల్లెగ్రీనో ఆర్తూసి వంటల పుస్తకం వచ్చేనాటికి కథ మారిపోయింది. అందులో ఆయన రొమాన్యా ప్రాంతపు పాదిరీ ఒకాయన సంగతి చెబుతాడు. ప్రతి ఇంటి వ్యవహారంలోనూ వేలుపెట్టే మనిషి కాబట్టి ఊరివాళ్ళు ఆయనకి 'దోన్ పొమొదోరో' అని పేరు పెట్టారట, అన్నిట్లోనూ దూరేది టమాటాయే గనక. మూడొందల ఏళ్ళు గుమ్మంలో నిలబెట్టిన పండు చివరికి ఇలాంటి సామెతకి ఎక్కింది. అదే పుస్తకంలో ఆయన రాసిన బొలోన్యా మాకరోనీలో మాత్రం టమాటా చుక్క లేదు.

ఆ బొలోన్యా సంగతి మన రెస్టారెంట్ల 'బొలోనీజ్' తిన్నవాళ్ళకి నమ్మశక్యంగా ఉండదు. ఆ ఊరి చేంబర్ ఆఫ్ కామర్స్‌లో 1982లో రాగూ అనే మాంసం సాస్ వంటకాన్ని అధికారికంగా నమోదు చేశారు. 300 గ్రాముల గొడ్డుమాంసానికి ఐదు చెంచాల టమాటా సాస్, అంతే. మన దగ్గర వడ్డించేదాంట్లో ఐదు చెంచాలు మాంసం ఉంటే గొప్ప. ఇటలీ అంతా ఎరుపు అనుకోవడం మన పొరపాటు. రిసొత్తో, పొలెంతా, పెస్తో, కార్బొనారా, మాంసం ఉడికించిన నీళ్ళలో తేలే తోర్తెల్లీని... ఈ వంటకాలేవీ టమాటా కోసం ఎదురు చూడవు. పినోకియోని సృష్టించిన ఫ్లోరెన్స్ వాడు కొల్లోడి 1886లో నేపుల్స్ పిజ్జాని వర్ణిస్తూ, నల్లటి అంచూ పచ్చటి నూనే ఎర్రటి టమాటా ముక్కలూ అన్నీ కలిసి మురికిగా కనిపిస్తుందన్నాడు. విడివిడి రాజ్యాలుగా ఉన్న ఇటలీ ఒక్క దేశమై అప్పటికి పాతికేళ్ళే. వాడికి అది పరదేశపు తిండే. ఆ తర్వాత మూడేళ్ళకి ఇటలీ మార్గెరీతా రాణి కోసం వాళ్ళ జెండా మూడు రంగుల్లో పిజ్జా పుట్టిందనే కథ మీరు వినే ఉంటారు. దానికి సాక్ష్యంగా చూపించే ఉత్తరాన్ని చరిత్రకారులు నమ్మడం లేదు.

మరి ఇటలీ వంట అంటే ఎరుపు అనే పేరు ఎక్కడిది? చాలావరకు సముద్రం దాటినవాళ్ళు తెచ్చింది. 1880 నుంచి 1920 లోపల 40 లక్షల దాకా ఇటాలియన్లు అమెరికా చేరారు, ఎక్కువమంది దక్షిణాది పేదలు. ఇంటి దగ్గర పండగకి దొరికిన మాంసం అక్కడ వారం వారం దొరికింది. వెనకాలే ఓడల్లో టమాటా డబ్బాలు వచ్చాయి. సిసిలీ వాడూ నేపుల్స్ వాడూ కలాబ్రియా వాడూ ఒకే వీధిలో కాపురం పెట్టి, ఒకే కొట్లో అదే డబ్బా కొనుక్కుని, మొదటిసారి తమని తాము ఇటాలియన్లమని పిలుచుకున్నారు.

పార్మాలో ఆర్థిక చరిత్ర చెప్పే ప్రొఫెసర్ అల్బెర్తో గ్రాందీ ఇలాంటివన్నీ ఎత్తిచూపి 2023లో ఇటలీలో పెద్ద రచ్చ లేపాడు. అసలైన పార్మెజాన్ చీజ్ రుచి కావాలంటే అమెరికాలో విస్కాన్సిన్ వెళ్ళమన్నాడు. మా గ్రూపులో ఆ మొదటివాడి ఆయుధాలన్నీ అక్కడివే. గ్రాందీ తారీఖులతో నాకు పెద్ద తగువు లేదు. కానీ 'ఆలస్యంగా వచ్చింది కాబట్టి అబద్ధం' అనేదే మింగుడుపడదు. ఆ లెక్కన మిరపకాయ లేని గుంటూరు ఎక్కడుందో చూపించమనండి. ఇంటి కోడలు ఎప్పుడొచ్చిందో పెళ్ళి శుభలేఖ చూస్తే తెలుస్తుంది. ఇల్లు ఎవరి చేతుల మీద నడుస్తోందో శుభలేఖలో ఉండదు.

అసలు చేతుల సంగతే ఈ గొడవలో ఎవరూ ఎత్తరు. ఇటలీ ఇప్పుడు ఏటా సుమారు 50 లక్షల టన్నుల టమాటాని డబ్బాల్లోకి, సీసాల్లోకి ఎక్కిస్తోంది. ఆగస్టులో సలెర్నో నుంచి నోచేరా వైపు వెళ్ళే రోడ్డు మీద పూల్యా ప్రాంతం నుంచి వచ్చే లారీలు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉండేవి. మలుపుల్లో టమాటాలు జారిపడి రోడ్డంతా చితికి, పులిసిన వాసన. ఆ పూల్యాలో ఫోజా చుట్టూ ఉన్న చేలల్లో కోసేది ఎక్కువగా ఆఫ్రికా నుంచీ తూర్పు యూరప్ నుంచీ వచ్చిన కూలీలు. 300 కిలోల పెట్టె నింపితే మూడు నాలుగు యూరోలు ఇచ్చిన రోజులున్నాయి. కూలీల్ని తోలుకొచ్చే మేస్త్రీలని 'కపొరాలి' అంటారు. వ్యానుకీ, మంచినీళ్ళకీ, పడుకునే చోటుకీ అందులోనే కోత. 2016లో దీనిమీద గట్టి చట్టం తెచ్చారు. అయినా 2018 ఆగస్టులో ఫోజా దగ్గర రెండు రోజుల తేడాతో రెండు రోడ్డు ప్రమాదాల్లో, చేలనుంచి తిరిగొస్తున్న 16 మంది కూలీలు వ్యాన్లలోనే చనిపోయారు. రోముకి దక్షిణాన లాటినా జిల్లా కూరగాయల తోటల్లో వంగి పనిచేసేది మన పంజాబీలు. 2024 జూన్‌లో అక్కడ ఒక పంజాబీ కుర్రాడి చెయ్యి యంత్రంలో తెగితే ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంటి ముందు వదిలేసి పోయారు. రెండు రోజులకి చనిపోయాడు. ఉత్తరాన కోత దాదాపు అంతా యంత్రాలదే. కానీ పేరున్న శాన్ మార్జానో టమాటాని, 1996 నుంచి చట్టం రక్షణ ఉన్నదాన్ని, చేత్తోనే కోయాలని నియమం. చేత్తో కోసిందని డబ్బా మీద గొప్పగా రాస్తారు. ఎవరి చేత్తో అన్నది ఉండదు.

ఇంకో పక్క చైనాలోని షిన్‌జియాంగ్ నుంచి డ్రమ్ముల్లో వచ్చే చిక్కటి పేస్టుని ఇటలీ ఫ్యాక్టరీలు పల్చబరిచి, డబ్బాల్లో పోసి బయటి దేశాలకి అమ్మడం ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న వ్యాపారం. 'అసలైన ఇటలీ' అని వాదించుకోవాలంటే నేను ఈ డ్రమ్ము దగ్గర వాదిస్తాను, 1544 దగ్గర కాదు.

అయితే ఆ వ్యవస్థలో మనం నేర్చుకోవాల్సింది ఏమీ లేదని కూడా అనలేను. 2023 జులై ఆఖర్లో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా దాదాపు 200 రూపాయలు పలికింది. రెండు నెలలు తిరక్కుండానే ధర పడిపోయి రైతులు పారబోసుకున్నారు. అదే ఏడు ఉత్తర ఇటలీలో రైతులూ ఫ్యాక్టరీలూ కూర్చుని టన్నుకి 150 యూరోలని ఒప్పందం చేసుకున్నారు. మన లెక్కలో కిలో పదమూడు పద్నాలుగు రూపాయలు. లాటరీ తగలదు, రోడ్డు మీద పారబొయ్యక్కర్లేదు. వాళ్ళ టమాటాకి వెళ్ళడానికి ఒక డబ్బా ఉంది. మన టమాటాకి సాయంత్రంలోగా ఎవరి సంచిలోనో పడటమే గతి.

సరే, ఆ ఆదివారం సీసాల్లో రెండు నాకిచ్చారు, పగలగొట్టినందుకు జరిమానాగా ఇంకో ఏడు కూడా వచ్చి పనిచెయ్యాలన్న షరతు మీద. రాజమండ్రి వచ్చేటప్పుడు స్వెట్టర్లో చుట్టి తెచ్చాను. అమ్మ చారు పెడతానంది. సీసా మూత తీసి వాసన చూసి, గరిటతో లోపలినుంచి నల్లబడిన ఆకుని పైకి తీసింది.

"ఇది తులసాకు కదరా?"

"తులసి కాదమ్మా, దాని చుట్టం. సబ్జా మొక్క ఆకు."

నమ్మలేదు. ఆ ఆకుని కడిగి తీసుకెళ్ళి పెరట్లో తులసికోట మొదట్లో వేసి వచ్చింది. తర్వాత రసం వేలికి రాసుకుని నాలిక మీద పెట్టుకుంది. ఏడాదంతా సీసాలో నిలవున్న దాని గురించి ఏమంటుందా అని చూస్తున్నాను.

"బాగానే ఉంది గానీ, పులుపు చాలదు" అని చింతపండు డబ్బా అందుకుంది.